కాలవ గట్టు దగ్గర నేను పిలవలేదు

ఎనిమిదేళ్ళుగా ఒక కేక నా గొంతులో ఉండిపోయింది. "బావా" అని వెయ్యాల్సిన కేక. వెయ్యాల్సిన చోట వెయ్యలేదు. తర్వాత వేద్దామనుకున్న చోట వెయ్యలేకపోయినాను. ఇప్పుడు ఎంత గట్టిగా వేసినా వినేవాడు లేడు. అన్నం తినేటప్పుడు అడ్డం పడుతుంది. ఎవరన్నా నన్ను మంచోడని అన్నప్పుడు ఇంకా గట్టిగా అడ్డం పడుతుంది. నా పేరు రాయను. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలియకపోవడమే మేలు. మొహం తెలిసినవాళ్ళతో చెప్పగలిగిన సంగతే అయితే ఎప్పుడో చెప్పుండేవాణ్ణి.

యాడ మొదలుపెట్టాలో తోచడం లేదు. మా ఊరితోనే మొదలుపెడతాను.

మా ఊరు కావలికి తూర్పున, సముద్రం ఒడ్డున. వేట మీద బతికే ఊరు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాకు పదమూడేళ్ళప్పుడు నాయన వేటకు పోయి రాలేదు. అప్పటినుంచి నన్ను అక్కే పెంచింది. అక్క మొగుడు పోలయ్య, మా మేనత్త కొడుకు. నేను బావా అని పిలిచేవాణ్ణి. బడి మానిపించి నన్ను తన తెప్ప ఎక్కించుకున్నది ఆయనే. ఈత, వల, గాలి, అన్నీ ఆయన నేర్పినవే. ఒక్క దెబ్బ కొట్టి నేర్పలేదు. తప్పు చేస్తే నవ్వేవాడు. ఆ నవ్వుకి మనకే సిగ్గేసి మళ్ళీ ఆ తప్పు చెయ్యం.

ఇంకొకటి కూడా చెప్పాలి, అది కూడా ఎవరికీ చెప్పలేదు. నాకు సముద్రమంటే భయం. మామూలు భయం కాదు. తెప్ప మొదటి అల ఎక్కేటప్పుడు నేను వెనక్కి తిరిగి ఒడ్డుకేసే చూసేవాణ్ణి. నాయన ఈ నీళ్ళలోనే యాడో ఉండాడు గదా అనిపించేది. మా ఊళ్ళో మొగోడు ఆ మాట నోటితో అంటే పిల్లనిచ్చేవాడుండడు. అందుకని పాటలు పాడేవాణ్ణి. నేను హుషారుగా ఉండానని అందరూ అనుకునేవాళ్ళు.

మాలో ఒక కట్టుబాటు ఉంది. వేటకు పోయేవాణ్ణి వెనకనుంచి పిలవకూడదు. నీళ్ళలో అడుగు పెట్టినాక పెళ్ళామైనా పిలవదు. తెలియక ఎవరన్నా పిలిచినారా, ఆ మనిషి తెప్ప తిప్పేస్తాడు, ఒడ్డెక్కి ఆ రోజుకి వేట మానుకుంటాడు. ఒక రోజు కూడు పోయినట్టే. అందుకే మాటలొచ్చిన దగ్గరనుంచి పిల్లలకి నోరు అదుపులో పెట్టుకోవడం నేర్పుతాం. ఈ సంగతి మీరు గుర్తు పెట్టుకోండి. నేను ఇన్నేళ్ళూ దీని చాటునే దాక్కున్నాను.

కొత్త పైసలు వచ్చి రెండు మూడేళ్ళు అయి ఉంటుంది. కోవూరులో ఒక బియ్యం మిల్లు యజమాని ఉండేవాడు. పట్నంలో చదువుకునేటప్పుడు పరుగు పందేల పిచ్చి పట్టిన మనిషి. ఆయన మారథాన్ అని ఒక పరుగు పెట్టించినాడు. కావలి నుంచి కోవూరులో తన మిల్లు దాకా, ఇరవై ఆరు మైళ్ళ పైచిలుకు. మొదట వచ్చినోళ్ళకి కప్పులు, శాలువాలు. అవి మాకెందుకు? మా ఊరికి తప్పెట వేయించి చెప్పించిన మాట వేరే ఒకటుంది. సముద్రం ఊళ్ళ నుంచి పరిగెత్తిన వాళ్ళలో ఎవడు ముందొస్తే వాడికి మిల్లులో కాపలా పని. నెల జీతం, ఉండడానికి గది.

తప్పెట మోగినప్పుడు అక్క చేపలు ఆరబెడుతుండింది. చేతులు కూడా కడుక్కోకుండా నా దగ్గరికొచ్చింది. "ఎట్టాగైనా మీ బావని ఒడ్డున పెట్టరా. నువ్వూ తోడు పరిగెత్తు. ఒక్కడైతే ఆయన మధ్యలో ఎవరితోనో మాటలేసుకోని కూచుంటాడు," అన్నది. నాయన పోయినప్పటినుంచి అక్క సముద్రం వైపు తిరిగి అన్నం తినదు. బావకి నీళ్ళంటే భయం లేదు, ఆ పని మీద మోజూ లేదు. ఆయన పరిగెత్తింది అక్క కోసం. నేను పరిగెత్తింది తోడు కోసం. అట్లా అనుకోనే మొదలుపెట్టినాం. నేనూ నిజంగా అట్లానే అనుకున్నాను, ఆ మాట మీరు నమ్మాలి.

నాలుగు నెలలు సాధన చేసినాం. తెల్లారగట్ల తడి ఇసక మీద, వాగు కలిసే చోటు దాకా పోయి రావడం. మొదటి వారం నేను రెండు మైళ్ళకే కక్కినాను. బావ నా వీపు నిమిరి, "వల లాగినట్టు పరిగెత్తాలిరా. మొదట్లోనే బలమంతా పెట్టేస్తే కొసకి చేపలు జారిపోతాయి," అన్నాడు. మా అలివి వల ఒడ్డున నిలబడి రెండు కొసలూ పట్టుకోని గంటలు గంటలు లాగేది. ఆ లాగే ఊపిరితోనే పరిగెత్తడం నేర్పినాడు. ఇసక మీద కుదిరినాక మద్రాసు రోడ్డు ఎక్కినాం. తారు మీద మా అరికాళ్ళు చీలిపోయినాయి. బూట్లు యాడివి మాకు? అక్క ఇద్దరి కాళ్ళకీ ఆముదం రాసి పాతచీర పీలికలు చుట్టేది. బావ కాళ్ళకి ముందు, నా కాళ్ళకి తర్వాత. ఇప్పుడది కూడా గుర్తొస్తుంది చూడండి.

ఒక రోజు పదిహేను మైళ్ళు పోయినాం. తిరిగొచ్చేటప్పుడు నాకు పిక్కలు పట్టేసి రోడ్డు మీద పడినాను. బావ నన్ను వీపున వేసుకోని రెండు మైళ్ళు నడిచినాడు. బండ్లోళ్ళు చూసి నవ్వుతుంటే, "పెద్ద చేప పడింది, అమ్మకానికి తీసకపోతుండా," అని వాళ్ళతో అన్నాడు. నేనూ ఆయన వీపు మీద నవ్వినాను.

ఆ నాలుగు నెలల్లో యాడో నా లోపల ఒక పురుగు దూరింది. ఏ రోజని చెప్పలేను. పరిగెత్తుతున్నంతసేపూ మిల్లు గది కనపడేది. నాలుగు గోడలు, కింద నేల, కదలని నేల. ముందు ఆ గదిలో బావా అక్కా కనపడేవాళ్ళు. కొన్నాళ్ళకి నేను కనపడడం మొదలుపెట్టినాను. కనపడితే తప్పేముంది, కల గదా అనుకున్నాను. ఆయన బలం ముందు నా బలమెంత, నేను గెలిచేదుందా చచ్చేదుందా అని కూడా అనుకున్నాను. గెలవలేనని తెలిసి ఉండబట్టే ఆ కలని తరిమెయ్యకుండా ఉంచుకున్నానేమో.

పరుగు రోజు వచ్చింది. చలి పోతుండే రోజులు. జెండా ఊపాల్సిన పెద్దమనిషి ఆలస్యంగా రావడంతో ఎనిమిది దాటినాక వదిలినారు. కాలేజీ పిల్లకాయలు, పోలీసులు ముందు ఉరికినారు. సముద్రం ఊళ్ళ వాళ్ళం అయిదుగురం. పన్నెండో మైలు దగ్గర నీళ్ళ పీపా పెట్టి ఉంటే ముగ్గురు అక్కడే కూలబడినారు. ఇంక మిగిలింది బావా నేనూ. ఆయన అడుగు నా అడుగు కోసం తగ్గించుకోని పక్కనే వస్తున్నాడు. ఇరవయ్యో మైలురాయి దగ్గర నేనే, "నువ్వు పో బావా, నా వల్ల కాదు," అన్నాను. మొల్లో మూటగట్టుకున్న తాటిబెల్లంలో చివరి ముక్క నా చేతిలో పెట్టి పోయినాడు. ఆయన చేతి చెమటకి అది కరిగి ఉంది. నేను నోట్లో వేసుకున్నాను.

కోవూరు ఇంకా మూడు మైళ్ళుందనగా రోడ్డు మీద ఒక కల్వర్టు వానలకి పడిపోయి ఉంది. అక్కడ కుడిపక్కన పొలాల్లోంచి మళ్ళింపు దోవ వేసినారు. ఎడంపక్క కాలవ గట్టు, అది తూర్పుకి పోతుంది. కుడి దోవ పట్టాలని, అక్కడ జెండా మనిషి ఉంటాడని మాకు పొద్దున్నే చెప్పినారు. ఆ మనిషి నీడకి పోయినాడో యాడికి పోయినాడో, లేడు. రోడ్డు మీద సున్నంతో వేసిన గురుతు బండి చక్రాలకి సగం చెరిగిపోయింది.

బావ నాకు కూతవేటు దూరంలో ఉన్నాడు. కల్వర్టు దగ్గర నెమ్మదించినాడు. తల అటూ ఇటూ తిప్పినాడు. ఎండ నెత్తి మీదికొచ్చింది, కండ్లలో చెమట, ఏమీ ఆనుతున్నట్టు లేదు. సరిగ్గా అప్పుడే ఉప్పుగాలి లేచింది. ఒడ్డుకి దూరంగా యాడన్నా దోవ తప్పితే మావాళ్ళు చేసే పని ఒకటే. ఉప్పుగాలి ఎటునుంచి తగిలితే అటు నడుస్తారు. ఇల్లు అటే ఉంటుంది గదా. ఆలోచించి చేసేది కాదు అది, కాళ్ళకి అలవాటు. బావ మొహం గాలికి తిప్పినాడు. కాలవ గట్టెక్కినాడు.

నేను చూసినాను. బాగా చూసినాను.

ఆగినాను కూడా. పరిగెత్తేవాణ్ణి నిలబడిపోయినాను. నోరు తెరిచినాను. ఒక్క కేక వేస్తే ఆయన ఆగిపోయేవాడు. అప్పుడు నా లోపలినుంచి వచ్చిన మాట ఏంటో తెలుసా? వెనకనుంచి పిలవకూడదు గదా అని. వరి కోసిన పొలాల మధ్య, తారు రోడ్డు మీద, సముద్రానికి అంత దూరంలో నిలబడి, నాకు ఆ కట్టుబాటు గుర్తొచ్చింది. వచ్చిందా, తెచ్చుకున్నానా? ఎన్నిసార్లు అడుక్కున్నానో. వచ్చిందనే చాలా ఏళ్ళు చెప్పుకున్నాను. తెచ్చుకున్నాను. భక్తి లేదు, పాడూ లేదు. నాకు ఆ గది కావాలి. నాకు నీళ్ళలోకి పోవాలని లేదు. అంతే. గట్టు మీద తుమ్మచెట్ల చాటుకి ఆయన చొక్కా లేని వీపు పోయిందాకా నిలబడి చూసి, నేను కుడిపక్కకి తిరిగినాను.

ఆ చివరి మూడు మైళ్ళు పరిగెత్తినట్టు నేను జన్మలో పరిగెత్తలేదు. పిక్కలు పట్టలేదు, ఊపిరి ఆడకుండా పోలేదు. సిగ్గులేని ఒళ్ళు.

మిల్లు ముందర వడ్లు ఆరబోసే గచ్చు ఉంది. ఆ గచ్చే గమ్యం. నాకన్నా ముందు పదిమంది దాకా వచ్చినారు గానీ సముద్రం వాళ్ళలో నేనే మొదలు. దండ వేసినారు, సోడా ఇచ్చినారు. నేను గేటు వైపు చూస్తా కూచున్నాను. గంట గడిచింది. కప్పులిచ్చినారు, పెద్దమనుషులు కార్లెక్కి పోయినారు. ఆడోళ్ళు వచ్చి గచ్చు ఊడ్చి మళ్ళీ వడ్లు పోసి నెరపడం మొదలుపెట్టినారు. ఇంకో అరగంటకి బావ వచ్చినాడు. నడిచి కాదు, పరిగెత్తుతానే. కాళ్ళకి చుట్టిన పీలికలు ఊడిపోయి నెత్తురు కారుతుంది. గచ్చంతా వడ్లుండడం చూసి, తొక్కకూడదని, అంచునే చుట్టూ తిరిగి నా దగ్గరికొచ్చి నిలబడినాడు. మేము మాట్లాడుకున్న మాటలు ఒక్కటి కూడా మర్చిపోలేదు.

"మనోళ్ళలో ఎవురు ముందు?" అన్నాడు.

"నేనే బావా."

నా మొహం పట్టుకోని నవ్వినాడు. "పోన్లే, ఇంట్లోకే వచ్చింది గదా పని. నేను దోవ తప్పినారా. కండ్లు కనపళ్ళా, గాలి తగిలితే అటే పడి పోయినా. మూడు మైళ్ళు పోయినాక కోతకొచ్చిన ఆడోళ్ళు చెప్పినారు, ఇది సముద్రానికి పొయ్యే దోవ గదా నాయనా అని. నాకే నవ్వొచ్చింది."

నేను మెళ్ళో దండ తీసి పక్కన పెట్టినాను.

"నువ్వు నా ఎనకాలే ఉండావు గదా. గట్టెక్కేది చూళ్ళా?"

"చూళ్ళేదు బావా."

"అదే అనుకున్నా. చూసుంటే పిలవకుండా ఉంటావా," అని కింద కూచోని, నా కాలు ఒళ్ళో పెట్టుకోని అరికాలు చూసినాడు. తన కాళ్ళు అట్లా ఉంటే.

అప్పుడన్నా చెప్పుండొచ్చు. చెప్పకపోయినా, మిల్లు యజమాని దగ్గరికి పోయి, అయ్యా ఈ పని మా బావకి ఇప్పించండి అని ఒక్క మాట అనుండొచ్చు. మంచి మనిషి, ఒప్పుకునేవాడే. రెండూ చెయ్యలేదు. ఊరికి పోయినాక అక్క ఇద్దరికీ అన్నం పెట్టింది. జరిగింది విన్నది. తర్వాత పులుసు నా కంచంలో ముందు పోసి, "పోనీలేరా, ఒకడన్నా ఒడ్డెక్కినాడు," అన్నది. నేను కంచం పక్కకి జరిపి లేచినాను. కాళ్ళనొప్పులనుకున్నారు.

మిల్లులో చేరినాను. గది నేను కల గన్నట్టే ఉంది. నేల కదల్లేదు. నేనే నిద్రపోలేదు. పండక్కి ఊరికి పోతే బావ నా కొత్త చొక్కా పట్టి చూసి, "మా బామ్మర్ది మిల్లులో పని," అని అందరికీ చెప్పేవాడు. ఆయన అట్లా చెప్పుకుంటా తిరగడం చూసి మొహం చెల్లక ఊరికి పోవడం తగ్గించినాను. కుర్రోడికి గర్వమొచ్చింది అన్నారంట. అననీ అనుకున్నాను. నిజం కన్నా అదే నయం.

మూడేళ్ళు అట్లా జరిగినాయి. ఒక రోజు గచ్చు మీద వడ్లు నెరుపుతుంటే, ఒక కొత్త మనిషి వాటిని తొక్కకుండా అంచున చుట్టూ తిరిగి పోయినాడు. ఎవడో బస్తాల మనిషి. అంతే, నా వల్ల కాలేదు. సెలవడిగి పొద్దున బస్సెక్కినాను. చెప్పేస్తాను, కొడితే కొట్టించుకుంటాను, ఈ పని నీదే బావా తీసుకో అంటాను అని దోవంతా అనుకుంటానే పోయినాను. ఇంట్లో లేడు. ఒడ్డుకి పరిగెత్తినాను. ఇసక దిబ్బ ఎక్కేసరికి ఆయన నడుం లోతు నీళ్ళలో తెప్ప నెడుతున్నాడు. వీపు నా వైపు. కూతవేటు దూరం.

ఆకాశం బాగానే ఉంది. ఆ రోజు ఏదో జరుగుతుందని ఎవరికీ తెలియదు, నాకూ తెలియదు. నేను పిలిచి ఉంటే? కట్టుబాటు ప్రకారం తెప్ప తిప్పేసి, నన్ను తిట్టుకుంటా ఒడ్డెక్కి, ఆ రోజుకి ఇంట్లో ఉండేవాడు. నోటిదాకా వచ్చింది. ఈసారి నిజంగా వచ్చింది. కానీ ఒడ్డున మనుషులున్నారు, ఆయన ఒక రోజు కూడు నేను చెడగొట్టగూడదు అనుకున్నాను. సాయంత్రం వస్తాడు గదా, అప్పుడు చెప్దాంలే అనుకున్నాను. చెప్పే పని వాయిదా పడినందుకు లోపల కొంచెం హాయిగా కూడా ఉండింది. అది కూడా రాస్తున్నాను. ఏదీ దాచుకోను ఇంక.

మధ్యాహ్నం గాలి తిరిగింది. మూడో రోజు తెప్ప ఒక్కటే దక్షిణాన వేరే ఊరి ఒడ్డుకి కొట్టుకొచ్చింది. బావ రాలేదు.

అక్కని తెచ్చుకోని నా దగ్గరే పెట్టుకున్నాను. అయిదేళ్ళయింది. మిల్లులో అందరూ నన్ను మెచ్చుకుంటారు. తోడబుట్టినదాన్ని ఇట్లా చూసుకునేవాడు ఈ రోజుల్లో యాడున్నాడు అంటారు. ఆయన ఉండాల్సిన గదిలో, ఆయన పెళ్ళానికి, ఆయన జీతంతో అన్నం పెట్టి నేను మంచోణ్ణయినాను. అక్కకి ఎందుకు చెప్పలేదు? బాధపడుతుందని అనుకునేవాణ్ణి. అబద్ధం. అక్క నన్ను వదిలి పోతుందని భయం. సముద్రానికి భయపడినవాణ్ణి, కాలవ గట్టు దగ్గర భయపడినవాణ్ణి, ఇప్పుడు ఒక ముసలిదవుతున్న మనిషికి భయపడుతున్నాను. నా బతుకంతా ఇదే.

రోడ్డు మీద మైలురాళ్ళు తీసేసి కిలోమీటర్ల రాళ్ళు పాతినారు. కల్వర్టు మళ్ళీ కట్టినారు. కాలవ గట్టు మాత్రం అట్లానే ఉంది. బస్సు అక్కడికొచ్చినప్పుడు నేను రెండో పక్కకి చూస్తాను.

ఇది పట్టపగలు, అక్క ఎదురుగానే కూచోని రాస్తున్నాను. ఆమెకి చదువు రాదు. గడప దగ్గర చింతపండు గింజలు తీస్తుంది. ఇందాక తలెత్తి, "ఏందిరా పొద్దుటినుంచి రాస్తుండావు?" అన్నది.

"బావ పరుగు గురించి," అన్నాను. ఎట్లా వచ్చిందో నోట్లోంచి వచ్చింది.

అక్క చేతులు ఆగినాయి. "కాలవ గట్టు సంగతి కూడా రాయరా. దోవ తప్పి అంత దూరం పోయి కూడా తిరిగొచ్చి పూర్తి చేసినాడు ఆయన. అది ఎవురికీ తెలీదు," అన్నది.

"రాసినానక్కా," అన్నాను.

ఆ గట్టు గురించి నేను ఆమెతో నిజం చెప్పడం ఇదే మొదటిసారి.